ఉండావా అన్నా?

ఈ వారం నా కోపానికి ఒక బొటనవేలు కారణం.

తిరుత్తణి బజారులో ఒక సేవాకేంద్రం. నవంబరు నెల, పింఛనుదార్ల లైఫ్ సర్టిఫికెట్ల కాలం. వరుస గడప దాటి వీధిలోకి వచ్చేసింది. నేను తోడు వెళ్ళిన మనిషిని ఈ కాలమ్ పాత పాఠకులు ఎరుగుదురు. పేరు రాయొద్దని మాట తీసుకున్నాడు కాబట్టి ‘మెట్ల అన్న’ అని రాస్తుంటాను. ప్రతి డిసెంబరు 31 రాత్రి మెట్లపూజకు సుబ్రహ్మణ్యస్వామి కొండ 365 మెట్లూ ఎక్కే ఆయనే. డెబ్బై దాటింది. పారా కమాండోగా పనిచేశాడు. ఏ యూనిట్టో, ఎక్కడెక్కడికి వెళ్ళొచ్చాడో ఇరవై ఏళ్ళ స్నేహంలో నాక్కూడా చెప్పలేదు.

అన్న వేలు పెట్టాడు. యంత్రం ఒప్పుకోలేదు. పంచె కొంగుతో తుడిచి మళ్ళీ పెట్టాడు. కుడి చెయ్యి అయింది, ఎడమ చెయ్యి అయింది. ఆ చేతుల్ని నేను అంత దగ్గరగా ఎప్పుడూ చూడలేదు. అరచేతిలో అడ్డంగా నున్నటి పట్టీ ఒకటి ఉంది, హెలికాప్టర్ నుంచి తాడు పట్టుకుని జారిన రోజులది. వేళ్ళ కొసలు మాత్రం పటాలంలో అరిగినవి కావు. ఊరికి వచ్చాక ఇరవై ఏళ్ళు చెరుకు నరికి, ఆకు దూసి అరగదీసుకున్నవి. బల్ల వెనకున్న అమ్మాయి మంచిది. “వద్దులే తాతా, ముఖంతో చేద్దాం” అని ఫోను ఎత్తి పట్టింది. అన్న వెంటనే సావధాన్‌లో నిలబడిపోయాడు, గడ్డం ఎత్తి, చూపు తిన్నగా పెట్టి. “కళ్ళు ఆర్పు తాతా” అంది. ఆర్పలేదు. అట్లా నిలబడినప్పుడు రెప్ప కూడా కదపకూడదని ఆయనకు పద్దెనిమిదో ఏట నేర్పారు. మూడోసారికి ఆర్పాడు. బతికే ఉన్నాడని కాగితం వచ్చింది.

బయటికొచ్చి కాఫీ తాగుతూ నా పాత పాట ఎత్తుకున్నాను. మనిషి మంచీచెడ్డా మనిషే వెళ్ళి చూడాలని, కార్డుముక్క రాసుకున్న కాలంలో ఒకరి సంగతి ఒకరికి ఇంతకన్నా బాగా తెలిసేదని నేను ఎన్ని వారాలు రాశానో మీకు తెలుసు. పొద్దున్నే ఫోన్లో వచ్చిపడే గులాబీ పువ్వు బొమ్మల మీదే రెండు కాలమ్‌లు రాశాను. పువ్వు, పక్కన ఆవి లేస్తున్న కాఫీ కప్పు, కింద శుభోదయం. అందులో పలకరింపు లేదని, పంపేవాడికి పట్టదని, అందుకునేవాడు చూడడని నా వాదన. అన్న ఫోనుకు రోజూ అవే వస్తాయి, శుభోదయానికి బదులు జై హింద్ అని ఉంటుంది, అంతే తేడా. అది కూడా ఎత్తిపొడిచాను.

అన్న జవాబు చెప్పలేదు. అరక్కోణం నేవీ స్థావరం రాజాళి నుంచి లేచిన విమానం తల మీదుగా పోతోంది. ఆ చప్పుడు వినబడితే అది దూరమయ్యేదాకా ఆయన నోరు విప్పడు.

నేను ఆగలేదు. మా బావ సంగతి ఎత్తాను. ఆయన మద్రాసు రెజిమెంటు. ఆ రెజిమెంటు భర్తీ అంతా మన దక్షిణాదిలోనే. రిటైరై వస్తే పళ్ళిపట్టులో ఒకడు, ఆర్కే పేటలో ఒకడు, నగరిలో ఇద్దరు తనవాళ్ళు ఉంటారు. మా బావ మంచాన పడిన సాయంత్రానికే నలుగురు గుమ్మంలో ఉన్నారు, ఒకాయన రాగిజావ క్యారియరుతో సహా. “మీవాళ్ళేరన్నా?” అని అడిగాను. అడగకుండా ఉండాల్సింది.

“మావోళ్ళు యాడుండారని నాయనా చెప్పేది?” అన్నాడు.

పారా కమాండోల పుట్టుకే అట్లాంటిది. 1965 యుద్ధంలో మేజర్ మేఘ్‌సింగ్ రకరకాల యూనిట్ల నుంచి జవాన్లను ఏరి ఒక చిన్న దళం కట్టాడు. అందులోంచే 1966లో 9 పారా కమాండో పుట్టింది. ఆ ఏరుకోవడమే ఈనాటికీ పద్ధతి. ఫలానా కులమనీ ప్రాంతమనీ ఉండదు. సైన్యంలో ఏ మూల నుంచైనా ఇష్టపడి వచ్చినవాణ్ణి ప్రొబేషన్‌లో నలగ్గొట్టి, నిలిచినవాణ్ణి ఉంచుకుంటారు. అట్లా ఒక చిన్న జట్టులోనే హిమాచల్‌వాడూ మలయాళీ మరాఠీ నాగా కలిసి ఉంటారు. ఒకరి ప్రాణం ఒకరి చేతిలో పెట్టుకుని పదిహేనేళ్ళు తిరుగుతారు. పింఛను కాగితం చేతికొచ్చిన రోజున ఎవరి ఊరికి వాళ్ళు పోతారు. అన్నకు నూరు మైళ్ళ చుట్టుపక్కల తన జట్టువాడు ఒక్కడూ లేడు. ఊళ్ళోవాళ్ళకు ఆయన మిలటరీ ఆయన, అంతవరకే. మోకాలు ఎప్పుడు దెబ్బతిన్నదని డాక్టరు అడిగితే చిన్నప్పుడు చింతచెట్టు మీంచి పడ్డానని చెబుతాడు. ఏ రాత్రి, ఏ గట్టు దిగుతుంటే విరిగిందో తెలిసినవాళ్ళు దేశంలో పదిమంది కూడా ఉండరు. వాళ్ళలో ఒకడు కొల్లంలో, ఒకడు అల్మోడాలో ఉన్నారు.

దీనికితోడు 1960 ఏప్రిల్ 1. ఆ తేదీ మళ్ళీ ఎత్తక తప్పదు. రాష్ట్రాల సరిహద్దుల మీద పటాస్కర్ ఇచ్చిన తీర్పు అమలై ఆ రోజున తిరుత్తణి తాలూకా చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రానికి పోయింది. అన్న పుట్టినప్పుడు చిత్తూరు జిల్లావాడు, పటాలంలో చేరేనాటికి చెంగల్పట్టు జిల్లావాడు, 1997 నుంచి తిరువళ్ళూరు జిల్లావాడు. ఇల్లు మాత్రం కదల్లేదు. నగరిలో ఉన్న ఆయన బావమరిదీ మాజీ సైనికుడే. ఆయనకు పనిపడితే చిత్తూరు, కాగితం తెలుగులో. అన్నకు తిరువళ్ళూరు కలెక్టరాఫీసు, కాగితం తమిళంలో. తమిళం ధారాళంగా మాట్లాడతాడు, చదవడం రాదు. బడిలో తెలుగు నేర్చాడు, బారకాసులో హిందీ నేర్చాడు. అయినా మా చుట్టుపక్కల ఊళ్ళలో సైనికుడి భార్య ఎవరైనా ఒంటరిదైతే, డిశ్చార్జి బుక్కూ పింఛను ఆర్డరూ సంచిలో పెట్టించి తిరువళ్ళూరు తీసుకుపోయేది ఈయనే. పింఛను రాని ముసలి జవాన్లకు, వాళ్ళ భార్యలకు సైనిక బోర్డు నుంచి నెలనెలా సాయం ఉంటుంది. అది ఉందని తెలియనివాళ్ళే ఎక్కువ. తీసుకుపోయేది అమావాస్య నాడైతే అక్కడి వీరరాఘవస్వామి కోనేట్లో ఇంత బెల్లం కలిపి వస్తాడు. బెల్లం కరిగినట్టు నొప్పి కరగాలని.

ఈయన వెళ్ళే మనిషి. అందుకే ఈయన మీద నాకంత గురి, అందుకే ఆ పువ్వుల మీద అంత చిరాకు.

2021 డిసెంబరు నాకు బాగా గుర్తు. 8వ తేదీన కూనూరు దగ్గర జనరల్ బిపిన్ రావత్ ప్రయాణిస్తున్న హెలికాప్టర్ కూలింది. అందులో చనిపోయినవాళ్ళలో మన లాన్స్ నాయక్ బి. సాయితేజ ఉన్నాడు. కురబలకోట మండలం, అప్పటికి చిత్తూరు జిల్లానే. పారా కమాండో, జనరల్ గారి రక్షణలో ఉన్నవాడు. టీవీవాళ్ళు ఊరు పేరు సరిగ్గా పలికేలోపల అన్నకు హిమాచల్ నుంచి ఫోను వచ్చింది, మీ వైపు కుర్రాడేనా అని. అన్న పుట్టిన జిల్లా అదేనని ఆ హిమాచల్ మనిషి ఇన్నేళ్ళూ గుర్తు పెట్టుకున్నాడు. డీఎన్‌ఏ పరీక్షలయ్యి 12న అంత్యక్రియలు జరిగాయి. అన్న తిరుపతి, పీలేరు, మదనపల్లె అని బస్సులు మారుకుంటూ పోయాడు. జనంలో వెనక నిలబడ్డాడు. తుపాకులు పేల్చినప్పుడు సెల్యూట్ కొట్టాడు. రాత్రి బస్సుకు తిరిగొచ్చాడు.

“ఆ పిల్లవాణ్ణి ఎరుగుదువా అన్నా?”

“ల్యా.”

“ఇంట్లోవాళ్ళతో మాట్లాడినావా?”

“ల్యా. లెక్కలో ఒకడు తగ్గినాడు నాయనా. నిలబడేదానికి ఒకడు పోవాల.”

ఆ మాట నేను మరిచిపోలేదు. కాఫీ బల్ల దగ్గర అదే ఆయనకు తిరిగి అప్పజెప్పాను. నువ్వు బస్సెక్కి పోయావు కదా అన్నా, పువ్వు బొమ్మ పంపి ఊరుకోలేదు కదా అన్నాను. గెలిచాననే అనుకున్నాను.

అన్న ఫోను తీసి బల్ల మీద పెట్టాడు. ఆ రోజు పొద్దున వచ్చిన గులాబీలు, జెండాలు, సూర్యోదయాలు. చూపుడువేలితో ఒక్కొక్కటే పైకి నెడుతున్నాడు. బొమ్మను చూడడం లేదు. పైనున్న పేరు చూస్తున్నాడు, పెదాలు కదులుతున్నాయి. కాంగ్డా. కొల్లం. సతారా. అల్మోడా. లెక్కపెడుతున్నాడని అప్పటికి గాని నాకు తట్టలేదు.

“ఏడు గంటల లోపల పడిపోవాల. రాత్రిపూట శత్రువు పక్కన పండుకోనుంటాం, నోరెత్తేదానికి ల్యా. టయానికి రేడియో మీట రెండుసార్లు నొక్కితే చాలు. టిక్కు టిక్కు. ఉండాను అని. నొక్కకపోతే పోయి చూస్తారు. ఇదీ అంతే.”

పోయిన నెలలో సతారావాడి టిక్కు రెండు రోజులు రాలేదు. ఫోను మోగుతోంది, ఎత్తడం లేదు. భార్య లేదు, పిల్లలు పుణేలో. ఈయన తిరుత్తణి నుంచి ఏం చేయగలడు? కొల్హాపూర్‌లో ఉన్న ఇంకొకడికి చెప్పాడు. ఆ మనిషికీ అరవై ఎనిమిది. మోటారు సైకిల్ మీద నూరు కిలోమీటర్ల పైనే పోయి తలుపు పగలగొట్టించాడు. స్నానాల గదిలో తుంటి విరిగి పడి ఉన్నాడట. ఆపరేషనయింది. ఆసుపత్రి మంచం మీంచి మూడోరోజున ఆయన పంపింది ఏమిటో అన్న చూపించాడు. పసుపు రంగు గులాబీ.

ఆ రెండు కాలమ్‌లనూ నేను ఈ వారం వెనక్కి తీసుకుంటున్నాను. కార్డుముక్క రావడానికి పట్టే వారం రోజుల్లో ఆ మనిషి ప్రాణం పోయేది.

అన్న లెక్క చూశాక ఇంకో లెక్క గుర్తొచ్చింది. 1980 ఏప్రిల్‌లో ఇరాన్ ఎడారిలో బందీలను విడిపించబోయి 8 మంది అమెరికా సైనికులు చనిపోయారు. వాళ్ళ పిల్లలు 17 మంది. ఆ పిల్లల చదువు బాధ్యత తమదని తోటివాళ్ళు నిధి మొదలుపెట్టారు, అదే పెరిగి ఇప్పుడు స్పెషల్ ఆపరేషన్స్ వారియర్ ఫౌండేషన్ అయింది. ఇది చదివినప్పుడల్లా నేను డబ్బు గురించే ఆలోచించేవాణ్ణి. మెట్ల అన్న పక్కన కూర్చున్నాక ఆ పదిహేడు అనే అంకె మీదికి మనసు పోతోంది. ఎవరో కూర్చుని, ఒక్కో ఇల్లూ తలుచుకుని, ఒక్కో పిల్లనూ లెక్కపెట్టి ఉంటారు.

లేవబోతుండగా ఆ వరుస కిందుగా ఒక మల్లెపువ్వు కనబడింది. మిగతావాటికన్నా ఆలస్యంగా, ఎనిమిదిన్నరకు పడింది.

“ఇదెవరిది? ఏడు దాటింది కదా.”

“మా గఢ్వాల్‌వాడిది. వాడు పోయి మూడేండ్లాయ. ఆయమ్మ పంపిస్తాది, మొగుడి ఫోన్లోంచి. ఆవు పాలు పితికి, పని చూసుకోని వచ్చి పంపిస్తాది. ఆయమ్మకు ఎనిమిదిన్నర.”

“మరి దాన్నీ లెక్కపెడతావా అన్నా?”

ఆయన దానికి జవాబివ్వలేదు. అరిగిన వేలు ఆ మల్లెపువ్వు మీద పెట్టి “ముప్పై తొమ్మిది” అన్నాడు. వేలు తరువాతి దాని మీదికి జరిపాడు.