‘సమాంతరం కాబట్టి’

రెండు త్రిభుజాలు సరూపాలని రుజువు చేయడానికి భుజాలు కొలవనక్కర్లేదు. ఒకదాని రెండు కోణాలు రెండోదాని రెండు కోణాలకు సమానమైతే చాలు. మూడింటి మొత్తం 180 డిగ్రీలే కనుక మూడో కోణం దానంతటదే సరిపోతుంది. ఆ రెండు కోణాలనూ చేతికందించేవి చాలాసార్లు సమాంతర రేఖలు. వాటిని ఒక తిర్యగ్రేఖ ఖండిస్తే సదృశ కోణాలు సమానం, ఏకాంతర కోణాలూ సమానం. అంటే రుజువంతా ‘సమాంతరం కాబట్టి’ అన్న ఒక్క మాట మీద నిలబడుతుంది.

ఈ వారం కోలారు జిల్లా ముళబాగిలు వైపు పదో తరగతి నోటుపుస్తకం ఒకదానిలో ఆ మాట కనిపించలేదు. దాని చోట ‘చూడగానే తెలుస్తోంది’ అని ఉంది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం నడిచే పల్లెలవి. కన్నడంలో ‘సమరూప’, తెలుగులో ‘సరూప’. ‘సమాంతర’ మాత్రం రెండింటా ఒకటే, అయినా జవాబుల్లోంచి మాయమయ్యేది అదే. కారణం రాయని మెట్టుకు మార్కు పడకూడదన్నది ఈ శీర్షిక పాడుతున్న పాత పాటే.

కోణాలు తెలిస్తే ఆకారం తెలిసినట్టేనన్న ఈ నియమానికీ కోలారు బంగారానికీ చుట్టరికం ఉంది. 1799లో శ్రీరంగపట్నం పడిపోయాక బ్రిటిష్ సైనికాధికారి విలియం లాంబ్టన్ మైసూరు సీమను త్రిభుజాలుగా కొలవడానికి పూనుకున్నాడు. 1800లో బెంగళూరు దగ్గర గొలుసుతో ఒక ఆధారరేఖ కొలిచాడు. ఆపైన గుట్టల మీద నిలబడి కోణాలు చూడడమే పని. అవే కోణాలతో కాగితం మీద గీస్తే నేల మీది త్రిభుజానికి సరూపమైనది వస్తుంది. పటం అంటే అంతే. ఆ సర్వేలో సహాయకుడు జాన్ వారన్, 33వ రెజిమెంటు లెఫ్టినెంట్. 1802లో మైసూరు తూర్పు సరిహద్దు కొలుస్తూ ఊరిగాం దగ్గర బంగారం ఉందన్న మాట విన్నాడు. చూపించినవారికి బహుమానం ఇస్తానంటే పల్లెవాళ్లు బండిలో మట్టి తెచ్చి, అతని ఎదుటే కడిగి, రేణువులు తేల్చి చూపారు. వారన్ తరువాత మద్రాసు నక్షత్రశాల బాధ్యత చూశాడు. మన పంచాంగాల లెక్కల మీద అతను రాసిన ‘కాల సంకలిత’ 1825లో అచ్చయింది. త్రిభుజాల కోసం వచ్చినవాడికి బంగారం ఎదురైతే, 1880లో బంగారం కోసం దిగిన జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీకి త్రిభుజాలు తప్పలేదు.

కోలారు బంగారు గనుల్లో (కేజీఎఫ్) బంగారు రాయి, అంటే రీఫ్, పడమటికి వాలుతూ లోపలికి దిగుతుంది. గనిలోకి దిగే బావి, అంటే షాఫ్ట్, నిట్టనిలువుగా ఉంటుంది. షాఫ్ట్ నుంచి రీఫ్ దాకా అడ్డంగా తవ్వే దారి క్రాస్‌కట్. లెక్క కోసం రీఫ్ నేల మీద షాఫ్ట్‌కు 600 అడుగుల తూర్పున బయటపడిందనీ, 900 అడుగుల లోతున షాఫ్ట్‌ను తాకిందనీ అనుకోవాలి. నేల గీత, 300 అడుగుల లోతున అడ్డంగా సాగే దారి, అంటే 300 అడుగుల లెవెల్, 600 అడుగుల లెవెల్ ఒకదానికొకటి సమాంతరం. షాఫ్ట్, రీఫ్ రెండూ వాటికి తిర్యగ్రేఖలు. సదృశ కోణాలు సమానం, కింది మొన దగ్గరి కోణం అన్ని త్రిభుజాలకూ ఉమ్మడి. కాబట్టి అన్నీ సరూపాలే. మొన నుంచి ఎత్తు 900, 600, 300 అడుగులైతే రీఫ్ దూరం 600, 400, 200 అడుగులు.

మొన దాటి కిందికి పోతే రీఫ్ షాఫ్ట్‌కు పడమట ఉంటుంది. 1350 అడుగుల లెవెల్‌లో క్రాస్‌కట్ అటు తిరగాలి. ఇప్పుడు బొమ్మ ఢమరుకంలా ఉంటుంది. మొన దగ్గర శీర్షాభిముఖ కోణాలు సమానం. లెవెళ్లు సమాంతరం కనుక ఏకాంతర కోణాలు సమానం. 600 లెవెల్ మొనకు 300 అడుగుల పైన, ఇది 450 అడుగుల కింద. నిష్పత్తి ఒకటిన్నర, కాబట్టి క్రాస్‌కట్ 300 అడుగులు.

నోటుపుస్తకం మీద ఫిర్యాదు ఇక్కడితో గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ గనిలో రీఫ్ తిన్నని గీత కాదు. లోతుకు పోయేకొద్దీ నిటారుగా మారుతుంది. లెవెల్ కూడా కచ్చితమైన అడ్డగీత కాదు, నీళ్లు పారడానికి కొంచెం వాలు ఉంచుతారు. అక్కడ ‘సమాంతరం కాబట్టి’ అని కళ్లు మూసుకుని రాసినవాడి క్రాస్‌కట్ రీఫ్ లేనిచోట ఆగుతుంది. దత్తాంశమని నమ్మి బొమ్మ వైపు చూడనివాడి కంటే, కారణం రాయకపోయినా చూసినవాడు ఒక అడుగు ముందున్నాడు. సగం మార్కు ఇవ్వవలసిందే.

నిలువు గీతల సంగతీ అంతే. 10 మీటర్ల దూరంలో రెండు లంబసూత్రాలు వేలాడదీస్తే సమాంతరంగానే కనిపిస్తాయి. నిజానికి రెండూ భూకేంద్రం వైపే చూస్తాయి. చాంపియన్ రీఫ్ గని సుమారు 3.2 కిలోమీటర్ల లోతుకు దిగింది. ఆ సూత్రాలు అంతదాకా వేలాడాయనుకుంటే, పైకొసలను కలిపే గీత, కింది కొసలను కలిపే గీత సమాంతరం. భూకేంద్రం కోణం ఉమ్మడి, సదృశ కోణాలు సమానం, త్రిభుజాలు సరూపాలు. భూమి వ్యాసార్ధం దాదాపు 6400 కిలోమీటర్లు, లోతు అందులో రెండువేలో వంతు. 10 మీటర్లలో రెండువేలో వంతు 5 మిల్లీమీటర్లు. అడుగున సూత్రాలు అంత దగ్గరవుతాయి. అవి సమాంతరం కావన్న సంగతి కూడా మరో జత సమాంతర రేఖలతోనే తేలుతుంది.