కేతిగాని ప్రశ్న: దూరవిద్యాపాఠములలో హాస్యపాత్ర

తోలుబొమ్మలాట చూచినవారికి బంగారక్క, జుట్టుపోలిగాడు, కేతిగాడు పరిచితులే. రామాయణకథ ద్విపదలలో సాగుచుండగా వీరు పిలువకయే తెరమీదికి వచ్చి, పల్లెమాటలలో వాదులాడి పోవుదురు. వీరిని కేవలము ప్రేక్షకుల నిద్రమత్తు వదలించు సాధనములుగా లెక్కించుట పరిపాటి. ఆ లెక్క సరికాదని మా అభిప్రాయము.

2020లో కళాశాలలు మూతపడిన పిదప పాఠములు సెల్‌ఫోను తెరమీదికి ఎక్కినవి. గుంటూరు, ప్రకాశం జిల్లాల ప్రత్తి, మిరప పొలముల నుండి వచ్చిన విద్యార్థి ఆ తెర ముందు ఒంటరివాడైనాడు. తరగతిలో నైనచో ప్రక్కవానిని మోచేతితో పొడిచి 'ఏమన్నార్రా?' యని అడుగగలడు. ముందే చిత్రించి పెట్టిన పాఠము నేమని అడుగును? ఈ లోటు తీర్చుటకే దృశ్యపాఠములలో బొమ్మపాత్రలను ప్రవేశపెట్టుచున్నారు. కాని ఆ బొమ్మ చేయునదేమి? శీర్షిక చదువును, కన్ను గీటును, 'భేష్' అనును. అది హాస్యపాత్ర కాదు, నవ్వుముఖము తగిలించిన బడిగంట.

కేతిగాని పని వేరు. తనకు తెలియదని ఒప్పుకొనుటకు అతనికి సిగ్గు లేదు. సభలో పెద్దమనుష్యులు అడుగ వెనుదీయుదానిని అతడు అడిగివేయును. సంస్కృతనాటకములలో విదూషకుడు ప్రాకృతము పలుకుట కొంతవరకు ఇట్టిదే. అయితే విదూషకుడు రాజునకు చెలికాడు, కేతిగాడు ప్రేక్షకులకు చుట్టము.

అర్థశాస్త్రపాఠ మొకటి తీసికొందము. ధర పడినప్పుడు అమ్మకందారు సరుకును నిలువచేయునని ఆచార్యుడు చెప్పును. అప్పుడు బంగారక్క రావలెను: 'అయ్యవారూ, మిరపకాయలు కోల్డ్ స్టోరేజీలో పెట్టుకోమంటే బాగానే ఉంది, ఎరువుల కొట్టాయన అప్పటిదాకా ఆగొద్దూ?' నవ్వును వచ్చును, సిద్ధాంతపు హద్దును తెలియును. కౌలురైతు బిడ్డ తన ఇంటిమాటను పాఠములో వినును. ఆపై ఆచార్యుడు బదులు చెప్పక తప్పదు. పాత్రను గీయుట సులభమే. ఆ బదులు వ్రాయుటయే కష్టము. బొమ్మలు ప్రశ్నింపక 'భేష్' అనుచుండుటకు కారణ మిదియే కావచ్చును.

బొమ్మలాట హాస్యమును ఉన్నదున్నట్లు దింపుకొనుటయు తగదు. దానిలో బూతు కలదు, బంగారక్క శరీరమును వెక్కిరించుట కలదు. ఊరంతయు కలిసి చూచు ఆటలో చెల్లినది ఒంటరిగా చూచు విద్యార్థినిని నొప్పించును. అడిగినవానిని మూర్ఖునిజేసి నవ్వించుట అంతకన్న కీడు. ఆ తరువాత ఎవ్వరును నోరు తెరవరు.

తోలుబొమ్మలకు పేరుపొందిన నరసరావుపేట 2022 నుండి పల్నాడు జిల్లా కేంద్రము. పాఠములు చిత్రించువారు అట్టిచోట్ల ఆటగాండ్ర సంభాషణలను విని రావలెను. విద్యార్థులు అడుగలేకపోయిన ప్రశ్నలను పాఠమునకు పదేసి చొప్పున సేకరింపవలెను. జుట్టుపోలిగాని జుట్టు సంగతి ఆ తరువాత చూచుకొందము.