చింతచెట్టు దాకా నడచు పాఠము

హైదరాబాదు అమీర్‌పేటలో మైత్రీవనము చుట్టునున్న కోచింగు సెంటర్ల వీథులలో ఒకే పాఠము ఉదయము తరగతిలో బోర్డుపై వెలసి, మధ్యాహ్నమునకు జెరాక్సు దుకాణములో స్పైరల్ బైండింగు కట్టించుకొని, రాత్రికి వీడియోయై విద్యార్థి ఫోనులోనికి చేరుచుండును. దూరపు ఊళ్లనుండి వచ్చి హాస్టళ్లలో తలదాచుకొన్న యువజనుల కది మహోపకారమే. కాని మూడింటను ఉన్న విషయ మొక్కటే యగుటచే, ఒకదానిని పొందినవానికి తక్కిన రెండింటితో పనియుండదు.

కథను పలు మాధ్యమములకు పంచిపెట్టుట వేరు. ఏ మాధ్యమము దేనిని బాగుగా చెప్పగలదో దానినే దానికి అప్పగింపవలెనని 2003లో మాధ్యమ పరిశోధకుడు హెన్రీ జెంకిన్స్ ట్రాన్స్‌మీడియా కథనమును గూర్చి వివరించెను. చేర్యాల బొమ్మల పటమును విప్పి పాడు కథకుల కీ మర్మము తెలియనిది కాదు. పటమందలి దేవతకు ముఖమున్నది, మాట మాత్రము గాయకునిది.

పంజాగుట్టలో మా వీథి పిల్లలకు 1908 నాటి మూసీ వరదను గూర్చి చెప్పునపుడు నేనీ మార్గమునే అవలంబించుచున్నాను. కాగితముపై సెప్టెంబరు 28 నాటి వృత్తాంత ముండును. నది గట్లు దాటి పేటలలోనికి చొరబడుటతో అది ఆగిపోవును. మ్యాపులో నదియు, వంతెనలును, ఆసుపత్రి ఆవరణయు నుండును గాని, మనుష్యు లుండరు. నా గొంతుతో రికార్డు చేసిన భాగములో, ఒక చింతచెట్టు నెక్కి ప్రాణములు దక్కించుకొన్న సుమారు 150 మంది కథ వినిపించును. ఆ చెట్టెక్కడిదో అందులో చెప్పను. మూడును కలిపి చూచుకొన్న పిల్లలే, పంజాగుట్టలో మెట్రో ఎక్కి ఉస్మానియా మెడికల్ కాలేజీ స్టేషనులో దిగవలెనని తేల్చుకొందురు. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో నేటికిని నిలిచియున్న ఆ చెట్టును చూచి, తలలెత్తి, “నీళ్లు ఇంత ఎత్తు వచ్చాయా సార్?” అని అడిగినపుడు, పుస్తకములోని వరద వారికి కొలతకు వచ్చినదని నాకు తోచును. వెంటనే “మళ్లీ రాకుండా ఏం చేశారు?” అందురు. ఇంజనీరు విశ్వేశ్వరయ్య సలహాను, 1920లో మూసీపై పూర్తియైన ఉస్మాన్‌సాగరు జలాశయమును, 1927లో ఈసీ నదిపై పూర్తియైన హిమాయత్‌సాగరు జలాశయమును తెలుపు రెండవ కాగితమును నేను సంచిలోనుండి తీయున దప్పుడే. ప్రశ్న పుట్టకముందు ఇచ్చినచో దానిని విమానము చేసి యెగురవేయుదురు.

ఇందు మిక్కిలి శ్రమ, ఏ భాగముతో మొదలిడినను పిల్లవాడు దారి తప్పకుండ అమర్చుటయే. రికార్డు వినుటకు అందరి యిండ్లలోను పిల్లలకు దొరకు ఫోను ఉండదు. కావున మ్యాపు ప్రతిని ఫోను లేనివాని చేతికే ఇచ్చి, రికార్డు విన్నవాడు చెట్టు జాడకై అతని యింటికి పోవలసివచ్చునట్లు పంచుచున్నాను.