ఒక సమాసానికి విగ్రహవాక్యం

సీసా మీది అక్షరాలకు కూడా సాహిత్య విమర్శ అవసరమని నా అభిప్రాయం. లోపలి నీళ్లకన్నా పైనున్న పేరుకే ఎక్కువ వెల పలికించడం పెట్టుబడి నేర్చిన విద్య. కోకాకోలా చరిత్రే ఇందుకు దృష్టాంతం.

వ్యాకరణరీత్యా ఆ పేరు ద్వంద్వ సమాసం. కోకా ఆండీస్ పర్వతాల ఆకు. ఆకలీ అలసటా తెలియకుండా గని కూలీలు నమిలిన ఆకు. కోలా పశ్చిమాఫ్రికా గింజ. 1886లో అట్లాంటాలో జాన్ పెంబర్టన్ అనే మందుల తయారీదారు ఈ రెంటి సారంతో పానకం చేసి, నరాలకు బలమని అమ్మాడు. ఆ మాటల్ని జంటకట్టి, మెలికలు తిరిగిన ఆ అక్షరాలు రాసింది అతని లెక్కలు చూసే ఫ్రాంక్ రాబిన్సన్. పెంబర్టన్ 1888లో చనిపోయాడు. హక్కులు చేజిక్కించుకున్న ఏసా కాండ్లర్ 1892లో కంపెనీ స్థాపించాడు.

1899లో సీసాల్లో నింపే హక్కును ఇద్దరు న్యాయవాదులకు ఒక్క డాలరుకు ఇచ్చారు. అక్కణ్ణుంచి పాకమూ పేరూ కంపెనీవి. నీళ్లూ కూలీ ఏ ఊరివి ఆ ఊరివే. రెండవ ప్రపంచ యుద్ధంలో అమెరికా సైనికుడు ఎక్కడున్నా 5 సెంట్లకే సీసా అందాలన్నాడు కంపెనీ పెద్ద రాబర్ట్ ఉడ్రఫ్. సైన్యం వెంట యంత్రాలు సముద్రాలు దాటాయి. యుద్ధం ముగిసింది గాని సరుకు ప్రయాణం ఆగలేదు.

మన దేశంలో 1973 నాటి విదేశీ మారక చట్టం ప్రకారం విదేశీ వాటా 40 శాతానికి తగ్గాలని జనతా ప్రభుత్వం పట్టుబట్టింది. 1977లో కంపెనీ దేశం విడిచింది. ఆ ఖాళీలోకి ప్రభుత్వరంగం నుంచి 'డబుల్ సెవెన్', పార్లే నుంచి 'థమ్స్ అప్' వచ్చాయి. 1993లో కోకాకోలా తిరిగివచ్చి థమ్స్ అప్‌నే కొనేసింది. పేరు మాత్రం మార్చలేదు. చిరంజీవి, మహేశ్‌బాబు వంటి మన కథానాయకులు ఆ సీసా కోసం ప్రకటనల్లో సాహసాలు చేశారు. 'మనది' అనుకుని తాగేదాని లాభం ఎవరికి చేరుతుందో ఏ ప్రకటనా చెప్పదు.

స్వదేశీ సీసా వస్తే చాలునని మన మిత్రులు కొందరంటారు. నేను ఒప్పుకోను. స్వదేశీ అన్న పేరు కూడా అమ్ముడుపోయే సరుకేనని 1993 రుజువు చేసింది. అలాగని మండుటెండలో చల్లని సీసా అడిగినవాణ్ణి నిందించడమూ విమర్శ కాదు. సమాసాన్ని విడదీసి, ఆకు కోసిన చేతినీ గింజ ఏరిన చేతినీ లాభం లెక్కపెట్టుకునే చేతినీ విడివిడిగా చూపించాలి. విమర్శకుడు చెప్పవలసిన విగ్రహవాక్యం అదే.