కొండను బట్టి బట్ట

మన ప్రాంతపు కళాశాలలలో కొండ నడకల మీద ఆసక్తి పెరుగుతున్నది. తలకోన, తుంబురు తీర్థం, హార్సిలీ కొండ నేటి విద్యార్థులకు విహారస్థలాలే కాక వ్యాయామస్థలాలు కూడా అయినవి. ఇది సంతోషించవలసిన విషయమే. అయితే ఈ నడకలకు బయలుదేరేవారి చేతికి సాధారణంగా ఒక పట్టిక అందుతుంది. ఏమేమి ధరించాలి, ఏమేమి వెంట తీసుకొనిపోవాలి అన్నది అందులో ఉంటుంది. అటువంటి పట్టికలు విజ్ఞానశాస్త్రం ముందు ఎంతవరకు నిలుస్తవో చూద్దాం.

ఇవి చాలావరకు ఒకే మూసలో ఉంటవి. ఒంటికి అంటి ఒక పొర, దానిపై వెచ్చదనానికి ఒక పొర, గాలీ వానా చొరకుండా పైన మరొక పొర. చీలమండను కప్పే బరువైన బూట్లు. అన్నిటికంటె ముఖ్యంగా నూలుబట్ట వద్దే వద్దన్న హెచ్చరిక. పత్తి ప్రాణం తీస్తుందని పాశ్చాత్య పర్వతారోహకులలో ఒక నానుడి ఉన్నది. మన పట్టికలు దానిని ఉన్నదున్నట్లు దించుకున్నవి.

ఆ మాటలో నిజం లేకపోలేదు. బట్ట మనను వెచ్చగా ఉంచేది దాని పోగుల మధ్య చిక్కుకున్న గాలి వల్లనే. కదలని గాలికంటె నీరు ఉష్ణాన్ని ఇరవై రెట్లకు మించి ప్రసరింపజేస్తుంది. నూలుబట్ట తడిస్తే ఆ గాలి స్థానాన్ని నీరు ఆక్రమిస్తుంది. పైగా అది త్వరగా ఆరదు. మంచుకొండ మీద ఇది నిజంగా ప్రాణాంతకమే.

కాని మన కొండలు మంచుకొండలా? ఒక్కొక్క కిలోమీటరు ఎత్తుకు పోయినకొద్దీ ఉష్ణోగ్రత సగటున 6.5 సెంటిగ్రేడు డిగ్రీలు తగ్గుతుంది. ఎవరెస్టు ఎత్తు 8,849 మీటర్లు. అనగా సముద్రమట్టంతో పోలిస్తే సుమారు 57 డిగ్రీల తేడా. తిరుపతికీ తిరుమలకూ ఎత్తులో తేడా సుమారు 700 మీటర్లు. ఉష్ణోగ్రతలో తేడా నాలుగున్నర డిగ్రీలు. 57 డిగ్రీలకు వ్రాసిన మందును నాలుగున్నర డిగ్రీలకు వాడవచ్చునా? నిజామాబాదు జిల్లాకు చెందిన మాలావత్ పూర్ణ 2014 మే 25న, పద్నాలుగేళ్లు నిండకముందే ఎవరెస్టు ఎక్కినది. ఆ శిఖరానికి ఈకలు కూరిన దళసరి దుస్తులు కావాలి. అదే పూర్ణ తొలుత శిక్షణ పొందినది భువనగిరి బండ మీద. ఎండకు కాగిన ఆ బండమీద అటువంటి దుస్తులతో ఎక్కడం మాట అటుంచి, కాసేపు నిలవడమే కష్టం.

వేసవిలో మన కొండ మీద శత్రువు చలి కాదు, వేడి. తుంబురు తీర్థ ముక్కోటి వచ్చేది ఎండలు ముదిరే రోజులలోనే. తిరుపతిలో వేసవి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటుతుంది. మన చర్మపు ఉష్ణోగ్రత సుమారు 35. అప్పుడు గాలి మన వేడిని తీసుకొనదు, తన వేడినే మనకు ఇస్తుంది. ఇక చల్లబడే దారి ఒక్కటే, చెమట ఆరడం. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల ఉష్ణం కావాలి. ఒక లీటరు చెమట పూర్తిగా ఒంటిమీదనే ఆరితే, 58 లీటర్ల నీటిని 10 డిగ్రీలు చల్లబరచినంత ఉష్ణం పోతుంది. కారి నేలపాలైన చెమట వల్ల ఈ లాభం లేదు. వదులైన పలుచని నూలుచొక్కా చెమటను పట్టి ఉంచి, మెల్లగా ఆరనిస్తుంది. మంచులో దోషమైన గుణమే ఎండలో మేలైనది. గాలి చొరని పైపొర తొడిగితే ఆవిరి లోపలనే నిలిచిపోతుంది. అది వడదెబ్బను కోరి తెచ్చుకోవడమే.

పలుచని పాలియెస్టర్ బట్ట కూడా చెమటను త్వరగా ఆరనిస్తుంది. కనుక విమర్శ దానిమీద కాదు. పత్తి ఎక్కడా పనికిరాదన్న తీర్పు మీద. నూలుచొక్కా తప్ప మరొకటి లేని పిల్లవాడు పట్టిక చూసి, ఈ నడక తనకు కాదని వెనుదిరిగితే ఆ నష్టం ఎవరిది?

కార్తీకంలో పరిస్థితి వేరు. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాల వానలు. 2021 నవంబరు వానలకు శ్రీవారి మెట్టు దారే దెబ్బతిన్నది. ఆ రోజులలో తడిసిన నూలుచొక్కాతో గాలిలో రాత్రి గడపడం ప్రమాదకరం. అప్పుడు పట్టిక చెప్పిన పైపొర కావాలి. సంచిలో పొడిబట్ట ఉండాలి. మన గొర్రెల కాపరి వానలో కప్పుకొనే కంబళిని గమనించండి. ఉన్ని తన బరువులో సుమారు 16 శాతం తేమను, పత్తి 8 శాతం తేమను మామూలు గాలి నుంచే పీల్చుకొంటవి. పాలియెస్టర్ ఒక శాతం కూడా పీల్చదు. అయినా ఉన్నిపోగు వంకరలు తిరిగి ఉండడం వల్ల తడిసినా కొంత గాలిని విడవదు.

పత్తి తరఫున ఎవరెస్టు మీదనే ఒక సాక్ష్యం ఉన్నది. 1924లో అక్కడ మరణించిన జార్జి మాలరీ దేహం 1999లో 8,000 మీటర్లకు పైన కనబడినది. ఒంటిపై పట్టు, నూలు, ఉన్ని పొరలు, వాటిపై దట్టంగా నేసిన గాబర్డీన్ ఉన్నవి. 2006లో ఆ రకం దుస్తులే కుట్టించి ఎవరెస్టు మీద ధరించి చూడగా, అవి తేలికగా, కదలికకు అనువుగా ఉన్నట్లు తేలినది. బట్ట గుణం పోగులోనే కాదు, నేతలోనూ పొరలలోనూ ఉన్నదన్నమాట.

పట్టికలలో మరొక లోపం, వస్తువు సరైనదే అయినా కారణం చెప్పకపోవడం. చీలమండ కప్పే బూటు మనకు మంచు కోసం కాదు, ముళ్లకూ పాములకూ. తలకోనలో పాచిపట్టిన రాయి మీద కాపాడేది బూటు బరువు కాదు, అడుగున అరగని గాళ్లు. బండ ఎక్కేచోట హెల్మెట్ తప్పనిసరి. దాని లోపలి పొర తాను నలిగి, దెబ్బ తగిలే కాలాన్ని పొడిగించి, తలమీది బలాన్ని తగ్గిస్తుంది. ఒకసారి గట్టిదెబ్బ తిన్నది మళ్లీ పనికిరాదు.

ఉపాధ్యాయులు ఈ విషయాన్ని తరగతిలోనే చూపవచ్చును. ఒకే రకపు మూడు సీసాలలో సమానంగా వేడినీరు పోయండి. ఒకదానికి పొడి నూలుగుడ్డ, రెండవదానికి తడిగుడ్డ, మూడవదానికి తడిగుడ్డ చుట్టి దానిపై పాలిథీన్ కాగితం కట్టండి. పంకా క్రింద ఉంచి ఐదేసి నిమిషాలకు ఉష్ణోగ్రత వ్రాయించండి. రెండవ సీసా అన్నిటికంటె త్వరగా చల్లబడుతుంది. అది ఏప్రిల్‌లో వరమా, నవంబరు రాత్రి శాపమా అన్న ప్రశ్న పిల్లలనే అడగండి.

ఇకమీదట పట్టిక తయారుచేసేవారు ప్రతి వస్తువుకు ఎదురుగా రెండు గడులు చేర్చితే చాలు: ఏ నెలకు, ఎందుకు? ఆ గడులు నింపలేని వస్తువును కొనిపించకూడదు.