ఎవరి దేహం కొలమానం? – శరీర చలన గణనలో ద్రవ్యరాశి పట్టికలు: ఒక విమర్శ

శరీర చలనానికి కారణమైన బలాలు కంటికి కనిపించవు. కెమెరాలు అవయవాల కదలికను, ఫోర్స్ ప్లేట్ పాదంపై నేల చూపే ప్రతిచర్యను నమోదు చేస్తాయి. వాటి ఆధారంగా పాదం నుంచి మోకాలికి, మోకాలి నుంచి తుంటికి బలభ్రామకాలను న్యూటన్ సూత్రాలతో లెక్కగట్టే పద్ధతే విలోమ గతిశాస్త్రం. ఈ లెక్కకు ప్రతి అవయవ ద్రవ్యరాశి తెలియాలి. సజీవదేహంలో తొడను విడిగా తూచలేరు గనుక పరిశోధకులు పట్టికలను ఆశ్రయిస్తారు. ఆ పట్టికలు ఎవరి దేహాలకు చెందినవన్నది కీలకమైన ప్రశ్న.

డేవిడ్ వింటర్ పాఠ్యగ్రంథం ‘బయోమెకానిక్స్ అండ్ మోటార్ కంట్రోల్ ఆఫ్ హ్యూమన్ మూవ్‌మెంట్’లోని పట్టిక ప్రకారం తొడ ద్రవ్యరాశి మొత్తం శరీరంలో 10 శాతం. దీనికి ప్రధాన మూలం డెంప్‌స్టర్ 1955లో అమెరికా వైమానిక దళం కోసం రూపొందించిన నివేదిక. కూర్చుని పనిచేసే వ్యక్తికి కావలసిన చోటు ఆ నివేదిక విషయం. అవయవాల ద్రవ్యరాశికి ఎనిమిది మంది పురుషుల మృతదేహాలు ఆధారం. తర్వాత జాట్సియోర్‌స్కీ బృందం 100 మంది రష్యన్ యువకులను, 15 మంది యువతులను గామా కిరణాలతో పరీక్షించింది. ఆ విలువలను 1996లో డి లేవా సవరించగా స్త్రీల తొడ 14.78 శాతంగా తేలింది.

60 కిలోల కూచిపూడి నర్తకి ఒంటికాలిపై నిలిచి, రెండో తొడను నేలకు సమాంతరంగా ఎత్తిందనుకుందాం. మొదటి పట్టికలో ఆ తొడ 6 కిలోలు. రెండోదానిలో దాదాపు 8.9 కిలోలు. డి లేవా విలువల్లో ద్రవ్యరాశి కేంద్రం తుంటికి మరింత చేరువగా ఉన్నందున తేడా కొంత తగ్గుతుంది. అయినా, తొడ పొడవు ఒకటేనని తీసుకుంటే, దాని బరువు వల్ల తుంటి వద్ద కలిగే భ్రామకం సుమారు 23 శాతం పెరుగుతుంది.

ఈ వ్యత్యాసానికి తొడ సరిహద్దును వేర్వేరుగా నిర్ణయించడం కూడా ఒక కారణం. పైగా నడకలో పాదం నేలపై ఉన్నంతసేపు ప్రతిచర్య బలానిదే పైచేయి; అక్కడ పట్టిక దోషం స్వల్పం. కనుక వింటర్ పట్టిక నిరుపయోగమనడం అన్యాయం. కాలు గాలిలోకి లేచే నృత్యానికి, క్రీడకు దాన్ని ప్రశ్నించకుండా వర్తింపజేయడమే లోపం.

డి లేవా పట్టికా సార్వత్రికం కాదు. అందులోని స్త్రీ దేహానికి ఆధారం 15 మంది యువతులే. అందువల్ల చలన పరిశోధకులు వాడిన పట్టికను పేర్కొనడంతో ఆగక, మరో పట్టికతోనూ లెక్కించి రెండు ఫలితాలనూ ప్రకటించాలి. లేకుంటే దశాంశాల వరకు కచ్చితంగా కనిపించే సంఖ్య నర్తకి దేహం గురించి కాక, పరాయి దేహం గురించి చెబుతుంది.