చరిత్రకి ఇంట్లో ఒక అలమర

ఊరి లైబ్రరీ పెట్టే పాత పుస్తకాల అమ్మకంలో ఆఖరి రోజు సంచి లెక్కన ఇస్తారు. కాగితం సంచిలో ఎన్ని పడితే అన్ని, అయిదు డాలర్లు. న్యూజెర్సీలో మా ఇంటికి దగ్గర్లో అలాంటి ఒక అమ్మకంలో, వంటల పుస్తకాల మధ్య ఇరుక్కుని రాబర్ట్ సూయెల్ 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్' కనిపించింది. విజయనగరం మీద 1900లో వచ్చిన పుస్తకం. నాకు దొరికింది తర్వాతి ముద్రణ. వెనక అట్ట లోపల గడువు తేదీల చీటీ ఇంకా అంటుకునే ఉంది. ఆఖరి ముద్ర 1987. ఆ తర్వాత ఎవరూ దాన్ని ఇంటికి తీసుకెళ్లలేదో, కంప్యూటర్లొచ్చి ముద్రలు వెయ్యడమే మానేశారో తెలీదు. నా చరిత్ర అలమర ఆ పుస్తకంతో మొదలైంది.

అమెరికాలో ఇలా వెతకడం మొదలుపెడితే తెలిసే సంగతి ఒకటుంది. మన పుస్తకాల్లో చాలావరకు మనకంటే ముందే ఇక్కడికి చేరాయి. 1954లో వచ్చిన పి.ఎల్. 480 చట్టం కింద అమెరికా గోధుమలకి ఇండియా రూపాయల్లో డబ్బు కట్టింది. ఆ రూపాయల్ని డాలర్లుగా మార్చి పట్టుకుపోవడం కుదరదు, ఎక్కువభాగం అక్కడే ఖర్చు పెట్టాలి. 1962 నుంచి అందులో కొంత పెట్టి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం తెలుగుతో సహా భారతీయ భాషల పుస్తకాలు కొని ఇక్కడి విశ్వవిద్యాలయాలకి పంపింది. షికాగో, మాడిసన్, బర్క్‌లీ, ఫిలడెల్ఫియాల్లో తెలుగు అరలు అలా నిండాయి. మన డాక్టర్లూ ఇంజనీర్లూ పెద్ద ఎత్తున రావడం 1965 వలస చట్టం తర్వాతి మాట. అందుకే అరుదైన పుస్తకం కావాలంటే ముందు కొనడానికి పరిగెత్తకండి. ఊరి లైబ్రరీలో అడిగితే ఇంటర్ లైబ్రరీ లోన్ మీద తెప్పించి పెడతారు. చదివాక కూడా వదల్లేకపోతే అప్పుడు కొనుక్కోవచ్చు.

కొనడంలో నేను చేసిన తప్పు అందరూ చేసేదే: దొరికిందల్లా తెచ్చాను. రెండేళ్లలో అలమర నిండింది, తల మాత్రం ఖాళీ. పుస్తకాల్ని కాదు, ప్రశ్నని పట్టుకోవాలని ఆలస్యంగా తెలిసింది. ఒక ప్రశ్నకి కనీసం మూడు పుస్తకాలు పక్కపక్కన ఉండాలి: చూసినవాడు చెప్పింది, మనవాళ్లు గుర్తుపెట్టుకున్నది, తర్వాతివాళ్లు తూకం వేసింది.

కృష్ణదేవరాయల్నే తీసుకోండి. సూయెల్ పుస్తకంలో అసలు విలువైనవి వెనకవైపు పేజీలు. పోర్చుగీసువాళ్లు పయెస్, నూనిజ్ రాసిన వృత్తాంతాల అనువాదాలు అక్కడున్నాయి. 1520 ప్రాంతంలో రాయల్ని కళ్లారా చూసిన పయెస్, ఆయనది మధ్యరకం ఎత్తనీ ముఖం మీద మశూచి మచ్చలున్నాయనీ రాశాడు. సినిమాల్లో చూసిన రాయలు అక్కడికక్కడే కరిగిపోతాడు. దాని పక్కన ఫిలిప్ వాగనర్ 1993లో ఇంగ్లీషులోకి తెచ్చిన 'రాయవాచకము' పెట్టాను. పేరు 'టైడింగ్స్ ఆఫ్ ది కింగ్'. అది రాయల కాలంలో రాసింది కాదని, కొన్ని తరాల తర్వాత మధుర నాయకుల కొలువులో పుట్టిందని ఆయన వాదన. అంటే అందులో రాయలెలా ఉన్నాడన్న దానికంటే, ఎలా ఉండి ఉండాలని ఆ కొలువు కోరుకుందో ఎక్కువ కనబడుతుంది. మూడోది నీలకంఠశాస్త్రి, నేలటూరి వెంకటరమణయ్య కలిసి 1946లో తెచ్చిన విజయనగర ఆధారాల సంపుటాలు. ఒక్క అడుగు అరలో ఈ మూడూ కొట్టుకుంటూ ఉంటాయి. ఆ కొట్లాట వినిపించేదాకా దాన్ని చరిత్ర అలమర అనను.

ఆ లెక్కన కావ్యాలకీ ఇక్కడ చోటుంది. సురవరం ప్రతాపరెడ్డి 1949 నాటి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'ని రాజుల జాబితాతో కాకుండా, కావ్యాల్లో దొరికిన తిండీ బట్టా ఆటా పాటా ఏరి కట్టారు. ఆ పుస్తకం పక్కన 'క్రీడాభిరామం' లాంటి కావ్యం లేకపోతే ఆయన ఏది ఎక్కణ్ణుంచి ఏరారో పోల్చుకోలేం. కాకతీయుల దగ్గరికొస్తే, విజ్ఞాన చంద్రికా మండలి తెచ్చిన చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము'తో మొదలుపెట్టి, శాసనాల్ని తవ్వి సింథియా టాల్బట్ 2001లో రాసిన 'ప్రీకలోనియల్ ఇండియా ఇన్ ప్రాక్టీస్' దాకా వెళ్లొచ్చు. మొదటిది ఆర్కైవ్ డాట్ ఆర్గ్ లాంటి చోట వెతుక్కోవాల్సిన రకం. రెండోదాన్ని పాతదిగా కొంటే మీడియా మెయిల్ అనే పుస్తకాల చవక టపాలో ఇంటికొస్తుంది.

కొనేముందు పుస్తకాన్ని వెనకనుంచి తెరుస్తాను. ఆధారాల పట్టిక, పదసూచిక చూస్తే రచయిత ఎంత కష్టపడ్డాడో తెలిసిపోతుంది. అమెరికన్ పుస్తకమైతే ప్రచురణ వివరాల పేజీలో తరచు ఒకటి నుంచి పది దాకా అంకెలు వరసగా ఉంటాయి. కొత్త ముద్రణ వేసినప్పుడల్లా ఒకటి తీసేస్తారు. మిగిలిన వాటిలో చిన్న అంకె ఎంతో అది అన్నో ముద్రణ. మన తెలుగు చరిత్ర పుస్తకాల్లో పదసూచిక ఉన్నవి తక్కువ. ఈ నిర్లక్ష్యం నాకు ఎప్పుడూ ఒళ్లుమంటే. చివరి ఖాళీ పేజీలో పెన్సిల్‌తో నేనే రాసుకుంటాను: 'పన్నులు 64, చెరువులు 112, దేవదాసీలు 140' అని. పెన్ను వద్దు, సిరా అవతలి పేజీకి దిగుతుంది.

ఇండియా నుంచి తేవడం మాత్రం తూకం పని. 23 కిలోల పెట్టెలో పుస్తకాలు వెయ్యబోతే ఇంట్లో ఆవకాయ జాడీతో పోటీ. మా అమ్మ ఎప్పుడూ ఆవకాయ వైపే. తెచ్చాక బేస్‌మెంట్‌లో పెట్టారో, అంతే సంగతులు. ఒక వేసవిలో నేలమీది అట్టపెట్టెలో ఉంచిన పదిహేను పుస్తకాలకి బూజు పట్టింది. అప్పటినుంచి అరలు నేలకి ఎత్తుగా, గోడకి దూరంగా పెట్టి, డీహ్యూమిడిఫైయర్‌ని యాభై శాతం దగ్గర ఉంచుతున్నాను. పాత న్యూస్‌ప్రింట్ పుస్తకాలు ఎలాగూ గోధుమరంగుకి తిరిగి విరుగుతాయి. కాగితంలోని ఆమ్లం చేసే పని అది, వెలుగు తగలకపోతే కొంత నెమ్మదిస్తుంది.

ఇంత శ్రమా దేనికంటే, న్యూయార్క్ హార్లెమ్‌లో ఒక జవాబుంది. ఆర్తురో షోంబర్గ్ 1874లో ప్యూర్టోరికోలో పుట్టి, 1891లో న్యూయార్క్ వచ్చి, చాలాకాలం ఒక బ్యాంకులో ఉత్తరాల విభాగంలో పనిచేశాడు. నల్లవాళ్లకి చరిత్రే లేదని చిన్నప్పుడు టీచరొకరు అన్నారని చెబుతారు. ఆ మాటకి జవాబుగా జీతం డబ్బుతో పుస్తకాలు, రాతప్రతులు, చిత్రాలు వేలకొద్దీ కూడబెట్టాడు. 1926లో కార్నెగీ కార్పొరేషన్ ఇచ్చిన పదివేల డాలర్లతో న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ వాటిని కొంది. హార్లెమ్‌లో ఈనాటి షోంబర్గ్ సెంటర్ లైబ్రరీకి పునాది ఒక గుమాస్తా ఇంటి అలమర.

మన పిల్లల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు. అందుకే ప్రతి తెలుగు పుస్తకం పక్కన వీలైతే దాని సంగతి చెప్పే ఇంగ్లీషు పుస్తకం ఒకటి పెడుతున్నాను, రేపు వాళ్లు ఏది తెరిచినా రెండోదాని పేరైనా చూస్తారని. మన తర్వాత ఆ పుస్తకాలు ఎక్కడికి వెళ్లాలన్నది మనమే ముందుగా తేల్చాలి. విశ్వవిద్యాలయాలు తమ దగ్గర ఉన్నవే మళ్లీ తీసుకోవడానికి ఇష్టపడవు, పెట్టెలు దించి వెళ్తామంటే అసలు ఒప్పుకోవు. అందుకని ఈ ఆదివారం కూర్చుని పుస్తకం పేరు, రచయిత, ముద్రణ ఏడాది, ఎక్కడ కొన్నారో రాయడం మొదలుపెట్టండి. ఇస్తామని ఏ లైబ్రరీకి ఫోన్ చేసినా వాళ్లు ముందు అడిగేది ఆ పట్టికే.